కణం పక్కన ఆమ్లత్వం కొలవడం: ఇరిడియం ఆక్సైడ్ మైక్రో సెన్సర్ తయారీ నుంచి చివరి లెక్క దాకా

పాలల్లో తోడు వేసి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి పెరుగవుతుంది. పాలలోని చక్కెరను బ్యాక్టీరియా తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది, 6.6 దగ్గర ఉన్న పీహెచ్ 4.5 దాకా దిగుతుంది. మన ఒంట్లోని కణాలు వదిలేది కూడా ఇదే ఆమ్లం. క్యాన్సర్ కణాలైతే ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా సరే, గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటకు తోస్తూనే ఉంటాయి. 1920లలో జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ దీన్ని గమనించారు. రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య నిలబడితే, చాలా కణితుల్లో కణాల చుట్టూ ఉండే ద్రవంలో 6.5 నుంచి 6.9 దాకా కనిపిస్తుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణం తన కింద చేసుకునే చిన్న గుంటలో అది 4.5 దాకా పడిపోతుంది.

ఈ పులుపును ల్యాబ్‌లోని మామూలు పీహెచ్ మీటర్‌తో పట్టుకోలేం. దాని గాజు బుడగ దాదాపు సెంటీమీటర్ ఉంటుంది, కణమేమో 15, 20 మైక్రోమీటర్లు. బుడగను డిష్‌లో ముంచితే మొత్తం ద్రవం సగటు తెలుస్తుంది, అంతే. కణం అంచున ఏం జరుగుతోందో చూడాలంటే సెన్సర్ కూడా ఆ కొలతలోనే ఉండాలి.

ఈ మార్గదర్శిలో 25 మైక్రోమీటర్ల ప్లాటినం తీగ కొసన ఇరిడియం ఆక్సైడ్ పూత వేసి, డిష్‌లో పెరిగే కణాల గుంపు పక్కన పీహెచ్ తేడా కొలవడం దాకా అన్నీ చెబుతాను. లైఫ్ సైన్సెస్‌లోనో కెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చదివి, రీసెర్చ్‌లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. నేను మొదలుపెట్టినప్పుడు ఇలా వరసగా తెలుగులో చెప్పేవాళ్లు ఎవరూ లేక ఆరు నెలలు వృథా అయ్యాయి.

ముందే ఒక మాట. ఇలాంటి చిన్న సెన్సర్ చూపించే ఒక్క అంకెను ఎప్పుడూ నమ్మలేం, ఎందుకంటే దాని వోల్టేజ్ గంటగంటకూ కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. కణం దగ్గర ఒకసారి, దూరంగా ఒకసారి, మళ్లీ దగ్గర, మళ్లీ దూరంగా కొలిస్తే వచ్చే తేడాను మాత్రం నమ్మొచ్చు. కింద చెప్పే ప్రతి పనీ ఆ తేడాను శుభ్రంగా రాబట్టడం కోసమే.

ఇరిడియం ఆక్సైడే ఎందుకు

వేరే దారులూ ఉన్నాయి. గాజు పిపెట్ కొసలో హైడ్రోజన్ అయాన్లను మాత్రమే పట్టే ద్రవాన్ని నింపి చేసే ఎలక్ట్రోడ్ ఒకటి. కొస ఒక మైక్రోమీటర్ దాకా సన్నగా వస్తుంది, రెడాక్స్ పదార్థాల (ఎలక్ట్రాన్లు ఇచ్చి పుచ్చుకునేవాటి) గొడవ ఉండదు. కానీ దాని నిరోధం గిగా ఓమ్‌లలో ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో పాడైపోతుంది. యాంటిమొనీ ఎలక్ట్రోడ్ చవక, కానీ ఆక్సిజన్ మారితే రీడింగ్ మారుతుంది. ఊపిరి పీల్చే కణాల పక్కన అది పెద్ద లోపం. 1970లో నెదర్లాండ్స్‌లో పీట్ బెర్గ్‌వెల్డ్ కనిపెట్టిన ఇస్‌ఫెట్ అనే, పీహెచ్ కొలిచే ట్రాన్సిస్టర్ చిప్‌లు బాగుంటాయి, అయితే వాటిని సొంతంగా చేసుకోలేం. కార్బన్ ఫైబర్ మీద పాలీఅనిలిన్ పూత కూడా మంచి ఎంపికే.

ఇరిడియం ఆక్సైడ్ పగలదు, ఒక్కో సెన్సర్ వారాల తరబడి పనిచేస్తుంది, స్పందన సెకన్లలో వస్తుంది, ఒక యూనిట్ పీహెచ్ మారితే వచ్చే వోల్టేజ్ మార్పు కూడా ఎక్కువ. దాని బలహీనత ఒకటే: విటమిన్ సి లాంటి, సులభంగా ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థాలు తగిలితే తప్పుదారి పడుతుంది. ఆ సంగతి కాలిబ్రేషన్ (తెలిసిన పీహెచ్‌లతో సెన్సర్‌ను సరిచూడడం) దగ్గర చూద్దాం.

1. తీగను గాజులో బిగించడం

బయటి వ్యాసం 1.5 మిల్లీమీటర్లు ఉన్న బోరోసిలికేట్ గాజు గొట్టం తీసుకోండి. 25 మైక్రోమీటర్ల ప్లాటినం తీగను రెండు సెంటీమీటర్ల ముక్కగా కోసి, అసిటోన్‌లో ఒకసారి, నీళ్లలో ఒకసారి కడిగి ఆరబెట్టి లోపలికి జార్చండి. పిపెట్ పుల్లర్ (గాజును వేడి చేసి సాగదీసే యంత్రం) కాయిల్ మధ్యలో తీగ ఉండేలా పెట్టి, గొట్టానికి రెండో వైపు నుంచి వాక్యూమ్ ఇస్తూ వేడి చేస్తే గాజు కరిగి తీగ చుట్టూ అతుక్కుంటుంది. ఇక్కడ తొందర పనికిరాదు. గాజుకీ తీగకీ మధ్య సన్నని సందు మిగిలినా అందులోకి ద్రవం పాకుతుంది, ఆ సెన్సర్ ఎన్నటికీ నిలకడగా ఉండదు.

వెనక వైపు సిల్వర్ ఎపాక్సీతో రాగి తీగను అతికించండి. ముందు కొసను సాన పట్టాలి. ముందు సన్నని ఎమరీ కాగితం, తర్వాత 0.3 మైక్రోమీటర్ల అల్యూమినా, చివరికి 0.05 మైక్రోమీటర్ల అల్యూమినా. మధ్యలో మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూ ఉండండి. గాజు మధ్యలో మెరిసే గుండ్రని చుక్క ఒకటి కనిపించాలి. చుట్టూ ఉన్న గాజును కూడా ఏటవాలుగా సాన పట్టి, కొస దగ్గర మొత్తం వ్యాసం 75 మైక్రోమీటర్లకు మించకుండా చూడండి. కారణం కొలిచేటప్పుడు తెలుస్తుంది.

బిగింపు సరిగ్గా ఉందో లేదో కంటితో తేల్చలేం. 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 1 మిల్లీమోలార్ పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి, అందులో పొటెన్షియోస్టాట్‌తో సైక్లిక్ వోల్టామెట్రీ నడపండి, అంటే వోల్టేజ్‌ను పైకీ కిందికీ తిప్పుతూ కరెంట్ కొలవండి. 25 మైక్రోమీటర్ల చదునైన చుక్కకు సుమారు 3.5 నానో ఆంపియర్ల దగ్గర కరెంట్ పీటలా నిలబడాలి. ఐదు, ఆరు వస్తే గాజు చీలింది. పీట లేకుండా గీత వాలుగా పోతూ ఉంటే తీగ పక్కన సందు ఉంది. అలాంటిదాన్ని మళ్లీ సాన పట్టి చూడండి, రెండోసారీ అలాగే వస్తే పక్కన పెట్టేయండి. పది చేస్తే నాకు మొదట్లో మూడు నిలిచేవి. అది మామూలే, కంగారు పడకండి.

ఆ తర్వాత 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో (పోలిక కోసం పెట్టే, వోల్టేజ్ మారని ఎలక్ట్రోడ్‌తో) పోల్చి మైనస్ 0.2 నుంచి 1.2 వోల్ట్ల మధ్య ఇరవై ముప్పై సార్లు తిప్పితే ప్లాటినం శుభ్రపడుతుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు మరవకండి.

2. ఇరిడియం ద్రావణం

1989లో జపాన్‌కు చెందిన యమనాకా ప్రచురించిన పద్ధతిని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. నేనూ అదే వాడతాను.

100 మిల్లీలీటర్ల డీఅయోనైజ్డ్ నీళ్లలో 0.15 గ్రాముల ఇరిడియం టెట్రాక్లోరైడ్ వేసి అరగంట కలపాలి. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మిల్లీలీటర్ పోసి పది నిమిషాలు, తర్వాత ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ 0.5 గ్రాములు వేసి ఇంకో పది నిమిషాలు కలపాలి. చివరగా పొటాషియం కార్బొనేట్‌ను చిటికెడు చిటికెడు వేస్తూ పీహెచ్‌ను 10.5కి తేవాలి. ఆమ్లానికి కార్బొనేట్ తగలగానే బుసబుసా పొంగుతుంది కాబట్టి పెద్ద బీకర్ తీసుకోండి. ద్రావణం లేత పసుపు రంగులోకి వస్తుంది.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. ఆ రోజే వాడేశాను. పూత అంటుకోలేదు, తీగ మెరుస్తూనే ఉంది. రసాయనాల తప్పనుకుని మళ్లీ మళ్లీ కలిపాను. ఈ ద్రావణాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర కనీసం రెండు రోజులు కదపకుండా ఉంచాలి. పసుపు పోయి నీలం, ఊదా ఛాయ వచ్చాకే అది సిద్ధమైనట్టు. పెరుగు తోడుకోక ముందే గరిటె పెట్టినట్టుంటుంది తొందరపడితే. సిద్ధమయ్యాక ఫ్రిజ్‌లో చీకట్లో పెడితే నెలల తరబడి వాడుకోవచ్చు. ఇరిడియం లవణం ఖరీదైనది, అందుకని పావు వంతు కొలతలతో 25 మిల్లీలీటర్లు చేసుకున్నా పదుల కొద్దీ సెన్సర్లకు సరిపోతుంది.

3. పూత వేయడం, నానబెట్టడం

తీగ కొసను ద్రావణంలో ముంచి, సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో పోల్చి 0.7 వోల్ట్ల స్థిర వోల్టేజ్‌ను పది నుంచి ఇరవై నిమిషాలు ఇవ్వండి. లేదా 0, 0.7 వోల్ట్ల మధ్య సెకనుకు 50 మిల్లీవోల్ట్ల వేగంతో యాభై నుంచి వంద సార్లు తిప్పండి. నాకు రెండో పద్ధతిలో పూత గట్టిగా అంటుకున్నట్టు అనిపిస్తుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే తెల్లగా మెరిసే చుక్క నీలి నలుపుగా మారి ఉంటుంది. మరీ మందంగా వేయకండి, పగుళ్లు వచ్చి పెచ్చులూడుతుంది.

పూత వేసిన వెంటనే వోల్టేజ్ పరుగెత్తుతూ ఉంటుంది. పీహెచ్ 7 బఫర్‌లో రెండు రోజులు నాననివ్వండి. పొరలోకి నీరు పూర్తిగా ఇంకి స్థిరపడితే డ్రిఫ్ట్, అంటే వోల్టేజ్ దానంతటది జరగడం, బాగా తగ్గుతుంది.

4. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్

దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కానీ కొలిచే వోల్టేజ్‌లో సగం బాధ్యత దీనిదే. సెన్సర్ ఎంత మంచిదైనా రిఫరెన్స్ కదిలితే పీహెచ్ కదిలినట్టే కనిపిస్తుంది.

పావు మిల్లీమీటర్ వెండి తీగను సన్నని ఎమరీతో రుద్ది, బట్టలకు వాడే మామూలు బ్లీచ్‌లో పావుగంట ఉంచండి. ఊదా బూడిద రంగు పొర సమానంగా పట్టాలి. బ్లీచ్ దగ్గర్లో ఏ ఆమ్లమూ ఉండకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.

ఈ తీగను నేరుగా కణాల డిష్‌లో పెట్టకండి. వెండి అయాన్లు కణాలకు విషం. సన్నని గొట్టంలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ పోసి అందులో తీగ పెట్టి, గొట్టం అడుగును 3 శాతం అగార్‌తో మూయండి. అయితే రెండు మిల్లీలీటర్ల డిష్‌లోకి అంత గాఢమైన పొటాషియం కొంచెం కారినా కణత్వచం వోల్టేజ్ మారిపోతుంది. అందుకని దాన్ని ఇంకో గొట్టంలో, కణాలకు వాడే ఉప్పు ద్రావణంతోనే చేసిన అగార్ వంతెన మీదుగా డిష్‌కు కలపండి. పని పెరుగుతుంది నిజమే. కానీ కణాలు హాయిగా ఉంటేనే అవి వదిలే ఆమ్లానికి అర్థం ఉంటుంది.

5. వోల్టేజ్ చదివే పరికరం

చేతి మల్టీమీటర్ తగిలిస్తే సరిపోదా అని అడుగుతారు. దాని ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. 0.3 వోల్ట్ల సెన్సర్ నుంచి అది 30 నానో ఆంపియర్లు లాగేస్తుంది. 25 మైక్రోమీటర్ల చుక్క మీది పలచని ఆక్సైడ్‌కు అది చాలా ఎక్కువ. పొరలోని ఛార్జ్ కరిగిపోయి, మనం కొలవడం వల్లే వోల్టేజ్ మారిపోతుంది.

ఎలక్ట్రోమీటర్ (దాదాపు కరెంట్ లాగకుండా వోల్టేజ్ చదివేది) ఉంటే వాడండి. లేకపోతే ఎల్ఎంపీ7721 లాంటి ఆప్ ఆంప్‌తో బఫర్ సర్క్యూట్ కట్టుకోవచ్చు, దాని ఇన్‌పుట్ కరెంట్ ఫెమ్టో ఆంపియర్లలోనే ఉంటుంది. దాని వెనక ఏడీఎస్1115 అనే 16 బిట్ల కన్వర్టర్‌ను 0.512 వోల్ట్ల పరిధిలో పెడితే ఒక్కో మెట్టు సుమారు 16 మైక్రోవోల్ట్లు. మన సెన్సర్‌కు అది పీహెచ్‌లో 0.0002 యూనిట్లు, అవసరానికి మించే ఉంది. ఆటంకమంతా కరెంట్ లైన్ల 50 హెర్ట్జ్ రొదే. మైక్రోస్కోప్ చుట్టూ రేకు పెట్టెనో జాలీనో పెట్టి ఎర్త్ చేయండి, సెన్సర్ వైరు ఒక జానెడు దాటకుండా చూడండి. ట్యూబ్‌లైట్లు, దగ్గర్లో ఉన్న ఫోన్ ఛార్జర్లు ఆపేయండి. రీడింగ్‌లను 20 మిల్లీసెకన్ల గుణిజాలలో సగటు తీస్తే మిగిలిన రొద కూడా చాలావరకు పోతుంది.

6. కాలిబ్రేషన్

కొన్న బఫర్లతో కాలిబ్రేట్ చేసి, తర్వాత కణాల ద్రవంలో ముంచితే ఉప్పుల తేడా వల్ల కొన్ని మిల్లీవోల్ట్ల జంప్ వస్తుంది. కాబట్టి కణాలకు వాడబోయే ఉప్పు ద్రావణంలోనే, 6.0, 6.5కి మెస్, 7.0, 7.4, 8.0కి హెపెస్ (రెండూ పీహెచ్‌ను నిలబెట్టే రసాయనాలు) కలిపి బఫర్లు చేసుకోండి. ఒక్కోటి 10 మిల్లీమోలార్ చాలు. వాటి పీహెచ్‌ను గాజు ఎలక్ట్రోడ్ మీటర్‌తో 37 డిగ్రీల దగ్గరే సరిచూడాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 7.40గా పెట్టిన హెపెస్ బఫర్ 37 డిగ్రీలకు వెళ్లేసరికి 7.23 అవుతుంది. డిగ్రీకి 0.014 చొప్పున దిగుతుంది. ట్రిస్ అనే ఇంకో బఫర్ అయితే దీనికి రెట్టింపు వేగంతో దిగుతుంది.

ఇప్పుడు 8.0 నుంచి 6.0కి దిగుతూ, మళ్లీ పైకి ఎక్కుతూ, ఒక్కోదాంట్లో వోల్టేజ్ నిలకడపడే దాకా ఆగి రాసుకోండి. పీహెచ్ తగ్గితే వోల్టేజ్ పెరగాలి. ఉదాహరణకు 7.4 దగ్గర 182, 6.4 దగ్గర 252 మిల్లీవోల్ట్లు వస్తే స్లోప్, అంటే ఒక యూనిట్ పీహెచ్‌కు వచ్చే వోల్టేజ్ మార్పు, 70. నెర్న్స్ట్ సూత్రం ప్రకారం ఒక ఎలక్ట్రాన్‌కు ఒక ప్రోటాన్ చొప్పున మారితే 25 డిగ్రీల దగ్గర 59.2, 37 డిగ్రీల దగ్గర 61.5 రావాలి. నీరు పట్టిన ఇరిడియం ఆక్సైడ్‌లో ఒక్కో ఎలక్ట్రాన్‌తో సగటున ఒకటికి మించి ప్రోటాన్లు కదులుతాయి, అందుకే 65 నుంచి 80 దాకా రావడం సహజం. 50 కంటే తక్కువ వస్తే పూత పలచగా ఉంది, లేదా ప్లాటినం బయటపడి ఉంది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు ఒకే బఫర్‌లో రెండు మిల్లీవోల్ట్లకు మించి తేడా ఉంటే ఇంకో రోజు నానబెట్టండి.

ఇక రెడాక్స్ పరీక్ష. 7.4 బఫర్‌లో 0.1 మిల్లీమోలార్ ఆస్కార్బేట్ కలపండి. పీహెచ్ మారలేదు కాబట్టి వోల్టేజ్ కూడా మారకూడదు. కానీ కొత్త పూతల్లో చాలావరకు అది మారుతుంది. కొసను నాఫియాన్ అనే పాలిమర్ ద్రావణంలో రెండుసార్లు ముంచి ఆరబెడితే ఈ గొడవ బాగా తగ్గుతుంది. నాఫియాన్‌కు రుణావేశం ఉంటుంది కనుక ఆస్కార్బేట్‌ను తోసేస్తుంది, ప్రోటాన్లను రానిస్తుంది. నాఫియాన్ వేశాక కాలిబ్రేషన్ మళ్లీ మొదటి నుంచీ చేయాలి.

7. కణాలు, వాటి ద్రవం

అన్నిటికంటే ఎక్కువగా దీని గురించి ఆలోచించండి. సెన్సర్ బాగుండి, ద్రవం తప్పయితే ఏమీ కనిపించదు.

హీలా, ఎంసీఎఫ్7 లాంటి, ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాలతో మొదలుపెట్టడం సులువు. మన దేశంలో చాలా ల్యాబ్‌లు వీటిని పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకుంటాయి. 35 మిల్లీమీటర్ల డిష్‌లో పలచగా చల్లి, రెండు మూడు రోజులు పెరగనిస్తే 150, 200 మైక్రోమీటర్ల విడివిడి గుంపులు ఏర్పడతాయి. డిష్ నిండా పరుచుకున్న కణాలతో ఈ పని చేయకండి. డిష్ అంతా ఆమ్లం వదులుతుంటే "దూరం" అనే చోటే ఉండదు.

కల్చర్ మీడియంలో కొలవకూడదు. డీఎంఈఎం అనే మామూలు మీడియంలో బైకార్బొనేట్ ఉంటుంది, అది ఇంక్యుబేటర్‌లోని 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌తో తూగి పీహెచ్‌ను నిలబెడుతుంది. బయటికి తీయగానే గ్యాస్ పోయి పీహెచ్ ఎక్కడం మొదలవుతుంది, చూస్తూ ఉండగానే మీడియం గులాబీ ఊదా రంగుకు తిరుగుతుంది. మనం వెతికే 0.05 యూనిట్ల తేడా ఆ ఎక్కుడులో మునిగిపోతుంది.

అలాగని 25 మిల్లీమోలార్ హెపెస్ వేస్తే ఇంకో చిక్కు. పెద్ద గుండిగెడు పప్పులో ఒక రెబ్బ చింతపండు పిండినట్టు, కణం ఎంత ఆమ్లం వదిలినా బఫర్ మింగేస్తుంది. అందుకే ఉప్పు ద్రావణం ఇలా చేయండి: సోడియం క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 1.8, మెగ్నీషియం క్లోరైడ్ 1, గ్లూకోజ్ 10, హెపెస్ 2 మిల్లీమోలార్. 37 డిగ్రీల దగ్గర పీహెచ్ 7.4కు పెట్టండి. ఇందులో కణాలను రెండుసార్లు మెల్లగా కడిగి, చివరగా 2 మిల్లీలీటర్లు పోయండి.

దీనికి ఒక మూల్యం ఉంది, దాన్ని రిపోర్టులో దాచకూడదు. ఒంట్లో బైకార్బొనేట్, ప్రోటీన్లు కలిసి దీనికంటే చాలా బలమైన బఫర్‌గా పనిచేస్తాయి. ఇక్కడ కనిపించే పీహెచ్ తేడా ఒంట్లో అంతే ఉంటుందని చెప్పలేం. కణాల గుంపుల మధ్య, మందుల మధ్య పోల్చడానికి మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది.

8. దగ్గరికి వెళ్లడం, కొలవడం

డిష్‌ను 37 డిగ్రీల వేదిక మీద పెట్టి ఇరవై నిమిషాలు ఆగండి. ఫ్యాన్, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. గాలికి ద్రవం తిరిగితే కణం పక్కన పేరుకున్న ఆమ్లం కొట్టుకుపోతుంది.

సెన్సర్‌ను మైక్రోమానిప్యులేటర్‌కు 45 డిగ్రీల వంపుతో బిగించండి. ముందు కణాలు లేని చోట మెల్లగా దించండి. ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్‌లో నీడ చిక్కబడుతూ కొస స్పష్టంగా కనబడుతుంది. డిష్ అడుగును తాకగానే కొస సన్నగా పక్కకు జారుతుంది. ఆ ఎత్తును సున్నాగా రాసుకుని వెంటనే పైకి తీయండి. తర్వాత గుంపు మీదికి జరిపి, కణాల పైభాగానికి 20 మైక్రోమీటర్ల ఎత్తులో ఆపండి. ఇంకా కిందికి దించితే చెప్పాను కదా ఆ గాజు అంచు సంగతి, అది మూతలా పనిచేసి ఆమ్లాన్ని కింద బంధిస్తుంది. అప్పుడు కనిపించే పులుపులో కొంత మన సెన్సర్ సృష్టించిందే.

ఇప్పుడు అసలు కొలత. దగ్గర 30 సెకన్లు, 500 మైక్రోమీటర్ల దూరంలో 30 సెకన్లు. ఇలా పదిసార్లు. ప్రతిసారీ మొదటి పది సెకన్లు వదిలేసి మిగతా ఇరవై సెకన్ల సగటు తీసుకోండి. ఒక్కో దగ్గరి సగటు నుంచి దానికి ముందూ వెనకా ఉన్న రెండు దూరపు సగటుల మధ్య విలువను తీసేస్తే డ్రిఫ్ట్ దానంతటదే కొట్టుకుపోతుంది. ఒకే ఎలక్ట్రోడ్‌ను రెండు చోట్ల మధ్య తిప్పే ఈ ఆలోచనకు మూలం 1974లో లయనెల్ జాఫీ, రిచర్డ్ నుచిటెల్లి చేసిన కంపించే ప్రోబ్. గంటకు రెండు మిల్లీవోల్ట్లు జరిగే సెన్సర్‌తో కూడా పావు మిల్లీవోల్ట్ తేడాను పట్టగలగడం మొదటిసారి తెరమీద చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

పది జతల్లో సగటు తేడా 3.5 మిల్లీవోల్ట్లు వచ్చిందనుకుందాం. స్లోప్ 70 కనుక 0.05 యూనిట్లు. దూరంగా 7.40 అంటే 40 నానోమోలార్ ప్రోటాన్లు, దగ్గర 7.35 అంటే 45 నానోమోలార్.

9. అది నిజంగా కణాల పనేనా

ఈ పరీక్షలు లేకుండా ఏ తేడాను చూసీ సంబరపడకండి.

కణాలు లేని చోట అదే ఎత్తుల మధ్య సెన్సర్‌ను ఆడించండి. సున్నా రావాలి. రాకపోతే అడుగుకూ పైకీ ఉష్ణోగ్రత తేడా ఉంది, లేదా ద్రవం తిరుగుతోంది. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచి కడిగిన కణాల మీద కూడా సున్నానే రావాలి. తర్వాత బతికున్న కణాల మీద 50 మిల్లీమోలార్ 2-డీఆక్సీగ్లూకోజ్ కలపండి. గ్లూకోజ్ వాడకం ఆగి తేడా పడిపోవాలి. అంత గాఢతకు ద్రవాభిసరణ పీడనం కూడా మారుతుంది, కాబట్టి వేరే డిష్‌లో 50 మిల్లీమోలార్ మానిటాల్ కలిపి దాని ప్రభావం విడిగా చూడండి. 1 మైక్రోమోలార్ ఒలిగోమైసిన్ వేస్తే మైటోకాండ్రియాలో ఏటీపీ తయారీ ఆగి, కణాలు గ్లూకోజ్ మీద ఇంకా ఎక్కువ ఆధారపడతాయి. తేడా పెరగాలి. అన్నీ అనుకున్న దిక్కులో కదిలితే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు.

ఆమ్లమంతా లాక్టిక్ ఆమ్లమే అనుకోకండి. శ్వాసక్రియలో వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా నీటిలో కరిగి పీహెచ్ దించుతుంది. లాక్టేట్‌ను విడిగా కొలిస్తే తప్ప ఎవరి వాటా ఎంతో చెప్పలేం.

10. తేడా నుంచి ప్రవాహం

కణం సెకనుకు ఎంత ఆమ్లం వదులుతోందో కావాలంటే 20, 40 మైక్రోమీటర్ల ఎత్తుల మధ్య తేడా కొలవండి. చాలామంది ఇక్కడ ప్రోటాన్ గాఢతల తేడాను నేరుగా ఫిక్ విసరణ సూత్రంలో వేసి వందల రెట్లు తక్కువ జవాబు తెచ్చుకుంటారు. ఒంటరిగా తిరిగే ప్రోటాన్లు చాలా కొద్ది, దాదాపు అన్నీ హెపెస్ భుజమెక్కి ప్రయాణిస్తాయి.

2 మిల్లీమోలార్ హెపెస్‌కు 7.4 దగ్గర బఫర్ సామర్థ్యం పీహెచ్ యూనిట్‌కు 1.14 మిల్లీమోలార్. హెపెస్ విసరణ గుణకం సెకనుకు సుమారు 600 చదరపు మైక్రోమీటర్లు. ఆ 20 మైక్రోమీటర్లలో 0.05 యూనిట్ల తేడా ఉంటే, 600ను 1.14తో, 0.05తో గుణించి 20తో భాగించాలి. యూనిట్లు సరిచేస్తే చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 170 పికోమోల్. 400 చదరపు మైక్రోమీటర్ల కణానికి గంటకు దాదాపు 2.4 పికోమోల్. ఇదే తేడాకు ఒంటరి ప్రోటాన్ల వాటా లెక్కిస్తే వెయ్యిలో ఒకటిన్నర వంతు కూడా రాదు. సెన్సర్ చుక్కే 25 మైక్రోమీటర్లు కాబట్టి ఈ అంకెను అంచనాగానే రాయండి.

గుంపు కాకుండా ఒక్క కణం అంచులే చూడాలంటే ఈ చుక్క పెద్దది. అప్పుడు 7 మైక్రోమీటర్ల కార్బన్ ఫైబర్ మీద ఇదే పూత వేయాలి, లేదా నానో పిపెట్లకు వెళ్లాలి. గాజు కొస వంద నానోమీటర్ల స్థాయికి వస్తే మానిప్యులేటర్, రొద, ఓపిక అన్నీ ఇంకో స్థాయిలో కావాలి. ఈ 25 మైక్రోమీటర్ల దాంతో చేయి తిరిగాకే అటు వెళ్లమని నా సలహా.

11. పని అయ్యాక

కొలత ముగిసిన గంటలోపే సెన్సర్‌ను అవే బఫర్లలో మళ్లీ కాలిబ్రేట్ చేయండి. కణాలు వదిలే ప్రోటీన్లు కొస మీద పేరుకుని స్పందనను మందగింపజేస్తాయి. మొత్తం వోల్టేజ్ కొన్ని మిల్లీవోల్ట్లు జరిగినా ఫర్వాలేదు, దాన్ని దగ్గర దూరం లెక్క చూసుకుంటుంది. స్లోప్ మాత్రం ముందుకూ తర్వాతకూ ఐదు శాతం కంటే ఎక్కువ మారితే ఆ రోజు డేటాను వాడకండి, ఎంత అందంగా ఉన్నా సరే. నోట్‌బుక్‌లో ఎందుకు వదిలేశారో రాసుకోండి. కొసను డీఅయోనైజ్డ్ నీళ్లలో కడిగి పీహెచ్ 7 బఫర్‌లో నిలబెట్టండి. పొడిగా వదిలితే పూత ఎండి పగులుతుంది, మళ్లీ రెండు రోజులు నానబెట్టాలి.